జీతానికి కుదిరిన నది

పారిస్ పదమూడో వార్డులో తల వంచుకుని నడిస్తే ఫుట్‌పాత్ మీద అక్కడక్కడా ‘బియేవ్ర్’ అని రాసున్న గుండ్రటి లోహపు బిళ్లలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడ నది పారేదని గుర్తు. ఆఫీసు పనిమీద ఆ ఊళ్లో ఉన్న మూడు నెలల్లో ఒక ఆదివారం వాటి వెంట నడిచాను. చేతిలో ఫోను, ఫోనులో హ్యూస్‌మాన్స్ రాసిన ‘లా బియేవ్ర్’. 1890లో పుస్తకంగా వచ్చిన చిన్న రచన. అప్పటికే మూడుసార్లు చదివాను, మూడుసార్లూ మురిసిపోయాను. నాలుగోసారి, నది లేని నది ఒడ్డున నిలబడి చదువుతుంటే ఎక్కడో తేడా కొట్టింది. ఆ తేడా ఏమిటో తేల్చుకోడానికే ఇది రాస్తున్నాను.

ముందు నది సంగతి. మరీ పెద్దదేం కాదు. వెర్సాయ్ దగ్గర గుయాంకూర్‌లో పుట్టి, బ్యూక్, జుయీ, తన పేరే పెట్టుకున్న బియేవ్ర్ అనే ఊరు, ఆంతొనీ, ఫ్రెన్, ఆర్కెయ్, జాంతియీల మీదుగా దక్షిణం వైపు నుంచి పారిస్‌లోకి వచ్చి, ఇప్పుడు ఆస్టర్‌లిట్జ్ రైల్వే స్టేషన్ ఉన్నచోట సేన్ నదిలో కలిసేది. మొత్తం కలిపి 36 కిలోమీటర్లు. మన దగ్గరైతే వాగు అని ఊరుకుంటాం. ఇప్పుడు ఆంతొనీ దాకా ఆరుబయట పారుతుంది, ఆ తర్వాత చాలామటుకు భూమి కిందే. పారిస్ లోపల 1912 కల్లా పూర్తిగా కప్పేశారు.

కానీ ఈ వాగు చేసిన చాకిరీ పెద్ద నదులు కూడా చేసుండవు. పన్నెండో శతాబ్దంలోనే సాఁ-విక్తోర్ మఠం సన్యాసులు తమ తోటలకీ, పిండిమరకీ కాలువ తవ్వి దీన్ని తమవైపు తిప్పుకున్నారు. (ఆ రోజుల జ్ఞాపకంగా ర్యూ ద బియేవ్ర్ అనే సందు మిగిలింది. అధ్యక్షుడు మిత్తరాఁ ఇల్లు అందులోనే ఉండేది. అధ్యక్షుడి ఇల్లు తెలిసినంతమందికి ఆ వీధి పేరులోని నది తెలుసో లేదో అనుమానమే.) పదిహేనో శతాబ్దంలో జాఁ గోబ్లాఁ అనే అద్దకంవాడు ఒడ్డున కార్ఖానా పెట్టాడు. ఎర్రరంగుకి పేరుపడ్డాడు. ఎంత పేరుపడ్డాడంటే నదినే ‘గోబ్లాఁ నది’ అనడం మొదలుపెట్టారు. 1660ల్లో మంత్రి కోల్బేర్ ఆ జాగా కొని పద్నాలుగో లూయీ కోసం గోడతివాచీల కార్ఖానాగా మార్చాడు. 1670ల్లో ఊరి నడిబొడ్డున, సేన్ ఒడ్డున కంపు కొడుతున్న తోళ్లవాళ్లనీ అద్దకంవాళ్లనీ శివార్లకి పొమ్మని హుకుం వచ్చింది. చాలామంది మూటాముల్లె సర్దుకుని బియేవ్ర్ ఒడ్డుకి చేరారు. ఎగువన చలికాలంలో పల్లపు పొలాల్లోకి నీళ్లు వదిలి, గడ్డకట్టాక ఆ మంచు కోసి గోతుల్లో దాచి, వేసవిలో అమ్ముకునేవాళ్లు. గ్లాసియేర్ అనే మెట్రో స్టేషన్‌కి ఆ పేరు అందుకే.

పారిస్‌లో నది రెండు పాయలుగా ఉండేది. మరలు తిప్పడానికి గట్టుకట్టి ఎత్తుమీద నడిపించిన పాయని ‘బతికున్న పాయ’ అనేవాళ్లు. లోయ అడుగున తన పాత దారిలో పారేదాన్ని ‘చచ్చిన పాయ’ అనేవాళ్లు. మనిషి మళ్లించిందేమో బతికున్నట్టు, తనంతట తాను పారేదేమో చచ్చినట్టు. ఈ పేర్లు పెట్టింది కవులు కాదు. ఎక్కడ డబ్బు పుడుతుందో తెలిసినవాళ్లు పెట్టారు.

ఇంతమంది ఒక వాగుమీద పడితే ఏమవుతుంది? ఒకే సర్వర్‌ని పది టీములు వాడుకుంటే ఏమవుతుందో అదే. 1732లో ప్రభుత్వం ఓ నియమావళి తెచ్చింది. ఏటా పూడిక తియ్యాలి, ఆ ఖర్చు ఒడ్డునున్నవాళ్లు పంచుకోవాలి, నదికి కాపలాదార్లు ఉండాలి. ఇలా వాటా ఉన్నవాళ్లకి ఆ కాగితాల్లో వాడిన మాటని తెలుగులో ‘ప్రయోజనం ఉన్నవారు’ అనొచ్చు. నాకు ఈ మాట చాలా నచ్చింది. నదిని అమ్మా అనలేదు, దేవతా అనలేదు. దానివల్ల లాభపడేవాళ్లం అని ఒప్పుకున్నారు.

ఇప్పుడు హ్యూస్‌మాన్స్ దగ్గరికి వద్దాం. ఆయన రచన మొత్తం ఒక్క పోలికమీద నడుస్తుంది. బియేవ్ర్ ఒక పల్లెటూరి పిల్ల. చెట్లూ గడ్డీ కట్టుకుని లోయలో సన్నగా పారుతూ వచ్చిన పిల్లని మహానగరం లోపలికి లాగి, ఒంటిమీద ఉన్నవన్నీ వొలిచి, తోళ్లవాళ్ల దగ్గర, అద్దకంవాళ్ల దగ్గర రాత్రీపగలూ పనిలో పెట్టి, రోగిష్టిదాన్ని చేసి, చివరికి మురుగుకాలువ నోట్లోకి తోసేస్తుంది. నగరం చేతిలో దోపిడీకి గురయ్యే ఆడదాని దైన్యానికి ఈ నది పూర్తి ప్రతీక అన్నది ఆయన మొదటి అడుగులోనే తేల్చేసిన సంగతి. ఆ తర్వాత సందుల్లోకి తీసుకెళ్తాడు. కంపు, తోళ్లు, రంగురంగుల నురగ, పడిపోతున్న గోడలు. కంపుని ఇంత ప్రేమగా రాసినవాణ్ణి నేను ఇంకెక్కడా చదవలేదు.

ఈ పోలికని తేలిగ్గా కొట్టిపారేయలేం. నదిని స్త్రీతో పోల్చడం మనకేం కొత్తకాదు, మన కవులు నదుల నడుములు కొలిచినంతగా ఇంకెవరూ కొలిచుండరు. హ్యూస్‌మాన్స్ చేసింది వేరు. ఆయన నదికి నడుము పెట్టలేదు, కొలువు పెట్టాడు. ఇక్కడ నది అందగత్తె కాదు, పనిమనిషి. ఆయనకి పని అంటే ఏమిటో తెలుసు కూడా. ముప్పయ్యేళ్ల పైన హోంశాఖలో గుమాస్తాగిరీ చేశాడు. వాళ్లమ్మ పోయాక ఇంటి బుక్‌బైండింగ్ వర్క్‌షాపు ఆయన చేతికొచ్చింది. అలాంటి చోట పనిచేసే ఆడవాళ్లమీద 1879లో నవలే రాశాడు. పగలంతా ఆఫీసులో ఫైళ్లు, రాత్రి సాహిత్యం. అలాంటి జీవితం మీద నాకు సహజంగానే కొంత పక్షపాతం ఉంది.

తేడా కొట్టింది ఎక్కడంటే, ఆ పోలిక మొదటి సగంలో. పల్లెటూరి పిల్ల అన్నచోట. పారిస్ గేటు దాకా ఆ పిల్ల నిజంగా ఏ పాపం ఎరగనిదేనా?

జుయీ అనే ఊరు పారిస్‌కి బాగా ఎగువన ఉంది, ఆ అమాయకపు లోయలోనే. 1760లో అక్కడికి ఒబర్‌కాంఫ్ అనే కుర్రాడు వచ్చాడు. పుట్టింది జర్మనీలో, వయసు ఇరవై రెండు లోపు. నది ఒడ్డున బట్టల అద్దకం మొదలుపెట్టాడు. ఎందుకక్కడే అంటే, శుభ్రమైన నీళ్లున్నాయి, బట్టలు పరిచి ఎండబెట్టడానికి బయళ్లున్నాయి, కొనే మహారాజులు పక్కనే వెర్సాయ్‌లో ఉన్నారు. చెక్క అచ్చులతో మొదలుపెట్టి, 1770లో రాగి పలకలు, 1797లో రాగి రోలర్లు. 1783లో రాజుగారి కార్ఖానా అని బిరుదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడ పదమూడు వందలమంది దాకా పనిచేసేవాళ్లు. ఒబర్‌కాంఫ్ 1815లో చనిపోయాడు, కార్ఖానా 1843లో మూతపడింది. హ్యూస్‌మాన్స్ పుట్టింది 1848లో. ఆయన కన్ను తెరిచేసరికి జుయీ మళ్లీ పచ్చగా, నిశ్శబ్దంగా ఉంది. పచ్చదనం చూసి ఈ పిల్ల ఎప్పుడూ ఇలాగే ఉందనుకున్నాడు.

జుయీలో అచ్చువేసిన బట్ట ఏది? ఫ్రెంచివాళ్లు వాటిని ‘ఇండియెన్లు’ అనేవాళ్లు. అంటే ఇండియావి. పదిహేడో శతాబ్దంలో కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం నుంచి యూరప్‌కి వెళ్లిన రంగుల నూలుబట్టలు అక్కడ ఎంత పిచ్చి పుట్టించాయంటే, తమ పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెట్టడంతో 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. దిగుమతి చెయ్యకూడదు, దేశంలో అచ్చువెయ్యకూడదు. ఆ నిషేధం తీసింది 1759లో. మరుసటేడే జుయీలో మొదటి బట్ట. ఈలోపు, 1742లో, కూర్దూ అనే జెస్యూట్ పాదిరీ దక్షిణ భారతం నుంచి ఒక ఉత్తరం రాశాడు. ఇక్కడ నూలుమీద రంగు ఎలా నిలబెడతారు, ఏ కాయ, ఏ వేరు, ఎన్నిసార్లు ఉతుకు అన్నీ, తన దగ్గర మతం పుచ్చుకున్న పనివాళ్లని అడిగి రాసింది. అది ఫ్రాన్స్‌లో అచ్చయింది. ఈ కూర్దూ తెలుగు బాగా వచ్చినవాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకీ చుట్టరికం ఉందని మొదట్లో పసిగట్టినవాళ్లలో ఒకడు.

మా అమ్మమ్మవాళ్లది పెడన పక్కన ఊరు. కలంకారీ నాకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు, సెలవుల్లో కాలవగట్టు మీద చూసిన సంగతి. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ, పటికతో వేసిన అచ్చు, రాగిబానల్లో ఉడుకు, పారే నీళ్లలో ఉతుకు, ఎండలో ఆరబెట్టడం. పూర్వం ఎరుపుకి చిరివేరు వాడేవాళ్లట. జుయీలో చిరివేరు బదులు మంజిష్ఠ జాతి వేరు, మిగతా కిటుకు దాదాపు అదే. రంగు నేరుగా గుడ్డకి పట్టదు, పటిక అద్దినచోటే పడుతుంది. మిగతాదంతా నీళ్లే కడగాలి. అందుకే ఈ పనికి చెరువు చాలదు, పారే నీరు కావాలి. చిన్నప్పుడు నాకు కాలవలో ఎర్రగా కలిసే నీళ్లు భలే అందంగా కనిపించేవి. మోకాలి లోతు నీళ్లలో పొద్దున్నుంచీ నిలబడ్డవాళ్ల కాళ్లు కనిపించేవి కావు. దోషం నాది మాత్రమే అనుకునేవాణ్ణి, హ్యూగోని చదివేదాకా.

హ్యూగో 1831లో ‘శరత్కాలపు ఆకులు’ సంపుటిలో ఈ లోయ మీద ‘బియేవ్ర్’ అనే పేరుతోనే ఒక కవిత వేశాడు. బియేవ్ర్ ఊళ్లో ఆయన స్నేహితుడు, పత్రికాధిపతి బెర్తాఁ గారి తోట ఉంది, వేసవికి అక్కడికి వెళ్లేవాడు. చెట్లు, పక్షులు, ప్రశాంతత, పక్కనే పారిస్ ఉందన్న సంగతే మర్చిపోవడం, ఇదీ కవిత. బాగుంటుంది కూడా. కానీ మ్యాప్ తీసి చూడండి. బియేవ్ర్ ఊరు జుయీకి దిగువన ఉంది. 1831కి జుయీ కార్ఖానా దిగజారుతున్నా ఇంకా నడుస్తోంది. హ్యూగో తోట పక్కన గలగలమన్న నీళ్లు అప్పటికే ఒక కార్ఖానాలో పనిచేసి వచ్చిన నీళ్లు. ఆయన అబద్ధం రాశాడనను. కవి తన కాళ్ల దగ్గరి నీళ్లని చూశాడు, అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అడగలేదు, అంతే.

ముప్పయ్యేళ్ల తర్వాత ‘లే మిజరాబ్ల్’లో అదే నది మళ్లీ వస్తుంది, ఈసారి పారిస్ దగ్గర. ప్రేమలో పడ్డ మారియస్ గోబ్లాఁ ఒడ్డున, ‘భరతపక్షి పొలం’ అనేచోట తిరుగుతుంటాడు. కొసెట్‌ని చిన్నప్పుడు భరతపక్షి అనేవాళ్లు, ఆ పేరు విన్నాక అతను అక్కణ్ణుంచి కదల్లేడు. పైన పిట్టలు పాడుతుంటాయి, కింద నది రెండు ఒడ్లమీదా చాకలి ఆడవాళ్లు బట్టలు బాదుతుంటారు. ఒకటి స్వేచ్ఛ శబ్దం, ఒకటి పని శబ్దం, రెండూ ఆనందంగానే ఉన్నాయంటాడు హ్యూగో. కవితలో వినపడని పని ఇక్కడ వినపడింది, అది మెరుగే. కానీ ఆనందం ఎవరిది? బాదేవాళ్లదా, గట్టుమీద కూర్చున్న కుర్రాడిదా? ప్రేమలో ఉన్నవాడికి అన్ని శబ్దాలూ పాటలే.

ఇద్దరికంటే నిర్దయగా చూసింది బాల్జాక్ అని నా అభిప్రాయం. ‘ముప్పయ్యేళ్ల స్త్రీ’ నవలలో ‘దేవుడి వేలు’ అనే భాగం ఉంది. కథకుడు బియేవ్ర్ లోయ గట్టుమీద నిలబడి పారిస్ గోపురాల అందాన్ని పేజీలకొద్దీ వర్ణిస్తాడు. ఆ దృశ్యంలోకే ఒక కుటుంబం వస్తుంది. తల్లి ముద్దుచేసే చిన్న తమ్ముణ్ణి అసూయతో అక్క తోసేస్తుంది. పిల్లాడు దొర్లుకుంటూ నదిలో పడతాడు. నది చిన్నదే, కానీ అక్కడ పది అడుగుల బురద. ఎవరూ చెయ్యగలిగిందేం ఉండదు. నవలగా చూస్తే అతుకులబొంతే, ఈ ఒక్క సన్నివేశానికి మాత్రం వంకపెట్టలేను. ఆ పది అడుగులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? తోళ్లనుంచి గీకిన మాంసం, సున్నం, చెట్టుబెరడు పొట్టు, పిండి కార్ఖానాల గసి, పూడికతీత ఖర్చు నాది కాదంటే నాది కాదని వాయిదావేసిన వాటాదార్లు. వందేళ్లపాటు ఎవరూ తీయని బురదలో ఒక పిల్లాడు పోతాడు. కథకుడికి కనిపించింది గోపురాలు. బాల్జాక్ ఆ రెంటినీ ఒకే చోట పెట్టాడు, వ్యాఖ్యానం చెయ్యలేదు.

అందరికంటే ముందు, 1532లో, రాబలే ఈ నది మీద ఒక బూతుకథ చెప్పాడు. ‘పాంతాగ్రుయేల్’లో పానూర్జ్ అనే తుంటరి తనని కాదన్న ఒక పెద్దింటావిడ మీద పగపట్టి, ఊళ్లో కుక్కలన్నీ ఆవిడ వెంటపడేలా చేస్తాడు. అవన్నీ ఆవిడ గుమ్మంలో పోసిన ఉచ్చ ఏరై పారి, సాఁ-విక్తోర్ పక్కన ప్రవహించే నది అయిందట. ఆ ఉచ్చ మహిమవల్లే గోబ్లాఁ ఎర్రరంగు అంత బాగా పడుతుందట! ఆడదాన్ని ఏడిపించి నవ్వించే ఈ కథ ఇవాళ చదివితే నవ్వు సగంలో ఆగిపోతుంది. అయినా ఒకటి గమనించాలి. నది మూలాన్ని రాబలే వెండికొండల్లో వెతకలేదు. అద్దకంవాడి పేరు పెట్టి చెప్పాడు, రంగు పేరు చెప్పాడు, అద్దకాల్లో ఉచ్చ వాడతారన్న లోకజ్ఞానమూ పెట్టాడు. హ్యూగో కవితనుంచి 1831లో ఆ నది ఒడ్డున ఎవరేం చేసి బతికేవాళ్లో తెలుసుకోలేం. ఈ బూతునుంచి 1532 గురించి తెలుసుకోవచ్చు.

గోబ్లాఁ కార్ఖానాలోనే పుట్టిన ఇంకో సంగతి నాకు హ్యూస్‌మాన్స్‌ని అర్థంచేసుకోడానికి పనికొచ్చింది. 1824లో షెవ్రోల్ అనే రసాయనశాస్త్రవేత్తని అక్కడ అద్దకాల విభాగానికి అధిపతిగా వేశారు. నలుపు నలుపుగా రావట్లేదని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షించి చూస్తే రంగులో తప్పేం లేదు. పక్కన నేసిన రంగువల్ల కంటికి అలా కనిపిస్తోంది. దానిమీద పనిచేసి 1839లో రంగుల పొరుగు ప్రభావం గురించి పెద్ద పుస్తకం వేశాడు. హ్యూస్‌మాన్స్ నలుపు కూడా అలాంటిదే. పారిస్‌లోని నది అంత నల్లగా కనిపించడానికి సగం కారణం, పక్కన అంత పచ్చటి లోయని నేసుకోవడం. ఆ పచ్చదనం తీసేసి, అక్కడ జుయీ కార్ఖానాని, సన్యాసుల కాలువని, లోయ మీదుగా వెర్సాయ్ ఫౌంటెన్లకి నీళ్లు మోసుకెళ్లడానికి బ్యూక్‌లో కట్టిన తోరణాల వంతెనని పెట్టి చూడండి. అప్పుడు కథ పాడైపోయిన పిల్లది కాదు. పుట్టినప్పట్నుంచీ యజమానులు మారుతూ వచ్చిన కూలిది.

‘పాడైపోయిన’ అన్నమాట కావాలనే వాడాను. ఈ నది మీద మొదటి గట్టి పరిశీలన చేసినవాళ్లలో పారాఁ-దుషాత్‌లే అనే వైద్యుడు ఒకడు. ఇంకొకరితో కలిసి 1822లో బియేవ్ర్ మీద నివేదిక ప్రచురించాడు. అదే మనిషి తర్వాత పారిస్ వేశ్యల మీద పెద్ద అధ్యయనం చేశాడు, అది 1836లో వచ్చింది. మురికినీళ్లు, వేశ్యలు, రెండూ నగర ఆరోగ్యశాఖ ఒకే కన్నుతో చూసిన సమస్యలు. కొలవాలి, గీత గియ్యాలి, కనపడకుండా చెయ్యాలి. హ్యూస్‌మాన్స్ జాలిపడుతున్నాడు నిజమే, కానీ ఆయన పోలిక ఆరోగ్యశాఖ గదిలోనే పుట్టింది. పల్లెపిల్ల పట్నంలో చెడిపోయింది అనుకున్నాక రెండే దారులు మిగుల్తాయి, ఏడవడం లేదా మూతపెట్టడం. హ్యూస్‌మాన్స్ ఏడ్చాడు, నగరం మూతపెట్టింది. 1732 కాగితంలాగా దీనివల్ల లాభపడ్డదెవరు, ఖర్చు ఎవరు భరించాలి అని అడిగే మూడో దారి ఈ పోలికలో లేదు. జీతానికి కుదిరిన నది అని ఆయనే మనకి చూపించాడు, జీతం లెక్క మాత్రం చూడలేదు. నాకు ఆయనతో పేచీ అక్కడే.

ఇది 130 ఏళ్ల నాటి పేచీ అని వదిలెయ్యొచ్చు. వదలకపోవడానికి కారణం, నది మళ్లీ పైకి వస్తోంది. 2003లో ఫ్రెన్‌లో, 2016లో లాయ్-లె-రోజ్‌లో, 2022లో ఆర్కెయ్-జాంతియీల మధ్య, కొన్ని వందల మీటర్ల చొప్పున మూత తీశారు. పారిస్‌లో కూడా ముక్కలుముక్కలుగా తెరవాలని మాట్లాడుకుంటున్నారు. ఆర్కెయ్ దగ్గర నేను చూశాను. రెల్లు నాటారు, వంపులు తిప్పారు, పిల్లలు రాళ్లేస్తున్నారు. బాగుంది, నిజంగానే బాగుంది. కాకపోతే దాన్ని చూస్తే ఇక్కడ ఎప్పుడూ ఎవరూ తోళ్లు ఉతకలేదేమో అనిపిస్తుంది. పాడైపోయిన పిల్ల తిరిగి పల్లెపిల్ల అయినట్టుంది. హ్యూస్‌మాన్స్ చూస్తే సంతోషించేవాడేమో.

వచ్చేసే ముందు వారం జుయీ వెళ్లాను. అక్కడ ఆ బట్టల మ్యూజియం ఉంది. ఉయే అనే చిత్రకారుడు 1783లో ఒబర్‌కాంఫ్ కోసం గీసిన డిజైను ఉంది, పేరు ‘కార్ఖానా పనులు’. మామూలుగా ఇలాంటి బట్టలమీద గొర్రెలకాపరులు, ప్రేమికులు ఉంటారు. ఇందులో కార్ఖానాయే ఉంది. ఒకడు అచ్చు వేస్తుంటాడు, ఒకడు బాన కలియబెడతాడు, ఇంకొందరు నదిలో బట్ట జాడించి బయట్లో పరుస్తున్నారు. ఎర్రటి గీతల్లో బియేవ్ర్ కూడా ఉంది. నేను చూసినంతలో ఈ నదినీ దాని పనివాళ్లనీ ఒకే చోట, ఒకే కొలతలో వేసింది ఇదొక్కటే. వేయించింది యజమాని, కాబట్టి అందరూ చక్కగా, అలసట లేకుండా ఉన్నారు. నీళ్లలో నిలబడ్డవాళ్ల కాళ్లకోసం దగ్గరికెళ్లి వెతికాను. అద్దానికి ముక్కు తగిలి, గది కాపలా ఉన్నావిడ గొంతు సవరించుకుంది.